అప్పలనరసమ్మ రిపోర్టు

సత్యమూర్తి ఉపేంద్ర చొక్కా కాలరు పట్టుకున్నాడు.

గని టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలులో మూడు వందల మంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. స్టేజీ మీద ఆసుపత్రి సూపరింటెండెంట్ గంగారత్నం మైకులో "కూర్చోండి, కూర్చోండి" అంటూనే ఉంది.

"కాలరొగ్గు అన్నా! నీకేటైంది?" ఉపేంద్ర ఊపిరాడక అన్నాడు.

"నాకేటీ కాలేదు. నా పెళ్ళానికే అయింది."

అతని రెండో చేతిలో ఫోను. పొద్దున వచ్చిన మెసేజి ఇంకా తెరిచే ఉంది. టోకెన్ నంబరు 4417. పేషెంటు అప్పలనరసమ్మ, భార్య. గర్భ నిర్ధారణ పరీక్ష పాజిటివ్.

ఆసుపత్రిలో కంప్యూటర్లు పెట్టి నాలుగు నెలలైంది. అంతకుముందు కంపెనీ ఇచ్చిన మెడికల్ పుస్తకం పట్టుకెళ్తే, రిపోర్టు కాగితం ఎవరిది వాళ్ల చేతికే ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఇంటిల్లిపాది రిపోర్టులూ ఉద్యోగి ఫోనుకే వస్తున్నాయి. అవీ తప్పుల తడకగా. కంప్యూటర్లు ఉంచాలా, తీసేయాలా తేల్చడానికే ఆ రోజు మీటింగు.

సత్యమూర్తికి కంప్యూటర్ల గొడవ పట్టలేదు. ఏడు నెలలుగా అతని ఇంట్లో మంచాలు వేరు. అతనిది కొండ మీద గనిలో నైట్ షిఫ్టు. పొద్దున ఏడింటికి అతను కొండ దిగి వచ్చేసరికి అప్పలనరసమ్మ బడికి బయల్దేరుతుంది. అక్కడ ఆమె టీచరు. ఉపేంద్ర అదే బడిలో లెక్కల మాస్టారు. వాన పడితే స్కూటరు మీద దింపుతాడు. పోయిన వారం ఆమె గేటు దగ్గర స్కూటరు దిగుతూ నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేంతగా నవ్వింది. కిటికీలోంచి చూసిన సత్యమూర్తికి ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో చేపముల్లే.

మాస్టారి నున్నటి గడ్డం, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. వారం రోజులుగా అవన్నీ అతని నిద్ర పాడుచేస్తున్నాయి.

"ఆడినొగ్గీ బాబూ," అన్నాడు రాఘవులు. గనిలో డంపర్ లారీ నడుపుతాడు. పెద్దవాడు. "ఆ డబ్బా మాట నమ్ముతావేటి? మొన్న నాకూ మూడో నెలని మెసేజి పెట్టింది. యాభై తొమ్మిదేళ్లోణ్ణి!"

హాలు గొల్లుమంది.

"నవ్వకండి," అంది పక్క వీధి నవీన. "షుగరే లేని నాకు రెండు నెలలుగా షుగరు మాత్రలు రాస్తోంది. మింగుంటే చచ్చేదాన్ని."

"తీసేయండి! పాత రిజిస్టర్లే మేలు!" వెనక నుంచి అరుపులు.

రాయ్‌పూర్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వికాస్ మైకు తీసుకున్నాడు. పుట్టి పెరిగింది ఆ టౌన్‌షిప్‌లోనే.

"అంకుల్, గల్తీ మిషన్‌ది కాదు. మీ పుస్తకం మీద ఎవరెవరికి వైద్యం చేయించారో గుర్తు తెచ్చుకోండి."

రాఘవులు పుస్తకం మీద విజయనగరం నుంచి వచ్చిన మేనకోడలు చూపించుకుంది. నవీన పేరు మీద వాళ్లమ్మ. అందరూ పైన తిరిగే ఫ్యాన్ల వంక చూశారు.

"కౌంటర్లో నంబరు చెప్తే చాలు, మనిషిని ఎవరూ చూడరు," అన్నాడు వికాస్. "కానీ కెమెరా చూస్తుంది. ప్రతిసారీ ఫొటో తీస్తుంది."

సత్యమూర్తి ఉపేంద్రని ఒక్క తోపు తోశాడు.

"అయితే 4417 ఫొటో వెయ్. దాని పక్కన ఎవడున్నాడో అందరూ చూడాలి. రేపటి విశాఖ బండికి దీన్ని పుట్టింటికి పంపేస్తా."

ఆడవాళ్ల వరసలోంచి అప్పలనరసమ్మ లేచింది.

"వద్దండీ. ఇంటికెల్దాం. అక్కడ నే చెప్తాను."

"ఇంట్లో చెప్పడానికి ఏం మిగిల్చావే?"

"ఇలాంటివి అందరి ముందూ చూపించకూడదు," అంది గంగారత్నం.

"పుస్తకం నాది! పెళ్ళాం నాది! వెయ్యవయ్యా!"

వికాస్ బెదిరి మీట నొక్కాడు. తెర మీద బొమ్మ వచ్చింది.

అప్పలనరసమ్మ పక్కన మగవాడెవడూ లేడు. ఆమె ముందు స్టూలు మీద సన్నే అనే పనిమనిషి ఉంది. పొద్దుటిపూట వాళ్ల క్వార్టర్లో అంట్లు తోమే ఇరవై రెండేళ్ల గోండు అమ్మాయి. టీచరమ్మ శాలువా తలమీదుగా కప్పుకుని, కెమెరా వైపు బెదురుగా చూస్తోంది.

హాలంతా ఊపిరి వదిలింది.

"సూశావా?" అన్నాడు రాఘవులు. "ఉత్తపుణ్యానికి మాస్టారి గుండీలు తెంపేశావు. ముందు చేతులెత్తి దణ్ణం పెట్టు."

"ఆపేయండి," అన్నాడు సత్యమూర్తి. తెర వైపు వీపు తిప్పాడు. "చాలు. మీటింగు కానివ్వండి."

"ఆగండి," అంది గంగారత్నం. "మా రికార్డులు పాడవుతున్నది ఇదిగో, ఇలాగే. టీచరుగారూ, ఈ అమ్మాయిని దంతెవాడ సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చుగా?"

"రానంది మేడం. అక్కడ కడుపు చేసినోడి పేరడుగుతారని భయం."

"అని మీ పేరు రాయించారా? ఈ పుస్తకం ఉద్యోగి సొంత కుటుంబానికి. దీని మీద బయటివాళ్లకి వైద్యం చేయించడం నేరం. ఆ కడుపులో బిడ్డకీ మీ కుటుంబానికీ ఏం సంబంధం?"

అప్పలనరసమ్మ భర్త వైపు చూసింది. అతను తలుపు వైపు నడుస్తున్నాడు. ఆమె స్టేజీ మెట్లెక్కింది. మైకు అందుకుంది.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఏనాడూ మొగుడి పేరు పైకి పలకని మనిషి, "ఆ బిడ్డ తండ్రి పేరు సత్యమూర్తి" అంది.