బూట్ల దరువు

"నేను తాగను," అన్నాడు ప్లమ్లీ, ఫ్లాస్కు మూత తిప్పుతూ.

బృందం మేనేజరు డెస్మండ్ గుండె జారిపోయింది. వాద్యకారుల సంఘం మనిషి తాగకపోవడమేమిటి!

టీవీలో టేపుకి పెదాలు కలిపే బృందం దుకాణాల్లో అమ్ముడవుతున్న రికార్డునే వాడుకోకూడదు. అదే పాటను మూడు గంటల్లో మళ్లీ రికార్డు చేయాలి, సంఘం మనిషి దగ్గరుండి చూడాలి. అది రూలు. ఆ మనిషిని పబ్బుకు తీసుకెళ్లి గ్లాసు మీద గ్లాసు పట్టిస్తుంటే, ఇక్కడ స్టూడియోలో ఎవరో ఒకరు కొత్త టేపు దాచేసి దాని చోట పాత టేపు పెట్టేస్తారు. అది లండన్‌లో ప్రతి స్టూడియోలోనూ నడిచే ఆచారం.

సోఫా కింద డెస్మండ్ సంచిలో, చీటీ లేని పెట్టెలో పాత టేపు సిద్ధంగా ఉంది. మూడు వారాలు చెమటోడ్చి, గిటారు మీద గిటారు పేర్చి చేయించిన పాట. అయినా అమ్మకాల పట్టికలో ముప్ఫై ఎనిమిదో స్థానంలో చతికిలబడింది. రేపు గురువారం టీవీలో అదరగొట్టకపోతే బృందాన్ని వదిలించుకుంటామని రికార్డు కంపెనీ చెప్పేసింది.

"ఒక్క గ్లాసు, ప్లమ్లీ గారూ. పక్కనే పబ్బు. మూడింటికి మూసేస్తారు."

"మూయనీ. నేను టీ మనిషిని."

"పోనీ, భోజనం?"

"చీజ్ శాండ్‌విచ్ తెచ్చుకున్నాను. మా ఆవిడ పచ్చడి కూడా రాసి ఇచ్చింది."

డెస్మండ్ పళ్లు నూరుకున్నాడు. రికార్డింగు గది అద్దం అవతల బృందం గాయకుడు నెవిల్ పాడుతున్నాడు. కనురెప్పల మీద వెండి రంగు, కాళ్లకు జానెడు ఎత్తు మడమలు. గొంతు మాత్రం జలుబు చేసిన పిల్లిలా ఉంది. జనవరి చలి. బొగ్గు సమ్మె పుణ్యమా అని హీటర్లు ఆపేశారు. డ్రమ్స్ వాయించే బాజ్ వేళ్లు వంగడం లేదు.

దానికి తోడు ఇంకో చప్పుడు. దబ్, దబ్... దబ్. దబ్, దబ్... దబ్.

ప్లమ్లీ లోపలికి వెళ్లి, చెక్క నేల మీద నిలబడి సైన్యం నాటి బూట్లతో కాళ్లు కొడుతున్నాడు.

"ప్లమ్లీ గారూ! మీ చప్పుడు మైకులో పడుతోంది!"

"నా కాళ్లు కొయ్యబారిపోతున్నాయయ్యా. మీరు కానివ్వండి, నేను మీ పాటకి అడ్డం రాను."

అడ్డం రాకపోవడమా! పాటంతా ఆయన బూట్లే వినిపిస్తున్నాయి. మళ్లీ తీద్దామంటే గడియారం మూడు కొట్టింది. పబ్బు మూసేశారు, గడువూ ముగిసింది. రికార్డింగు ఇంజనీరు టేపు చుట్టి, చీటీ లేని పెట్టెలో పెట్టి బల్ల మీద పడేశాడు.

అప్పుడే లోపల గొడవ మొదలైంది.

"నీ వేళ్లు చచ్చాయా?" అని నెవిల్ అరిచాడు.

"ముందు నీ నిచ్చెన దిగి మాట్లాడరా!" అన్నాడు బాజ్.

డ్రమ్ ఒకటి దొర్లింది. డెస్మండ్, ఇంజనీరు పరిగెత్తి ఇద్దర్నీ విడదీసి వచ్చేసరికి, ప్లమ్లీ సోఫాలో కూర్చుని తాపీగా టీ ఊదుకుంటున్నాడు.

"కారు పార్కింగు మీటర్లో నాణెం వేసి వస్తాను. వచ్చాక పెట్టె మీద చీటీ అంటించి సంతకం పెడతాను," అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "తొందరేం లేదుగా? మెల్లగా వస్తాను," అన్నాడు.

తలుపు మూసుకుంది. డెస్మండ్ సోఫా కిందున్న సంచిలోంచి పెట్టె లాగి బల్ల మీద పెట్టాడు, బల్ల మీది పెట్టెను సంచిలో కుక్కాడు. పది సెకన్లు కూడా పట్టలేదు. తిరిగొచ్చిన ప్లమ్లీ చీటీ అంటించి, సంతకం గీకి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. డెస్మండ్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

ఆ నవ్వు గురువారం సాయంత్రం చచ్చిపోయింది. టీవీ స్టూడియోలో పాట మొదలవగానే స్పీకర్లలోంచి... దబ్, దబ్... దబ్.

"ఏం చేశావురా?" అని ఇంజనీరు కాలరు పట్టుకున్నాడు డెస్మండ్.

"నేను చెయ్యి కూడా పెట్టలేదు! నువ్వే కదా మార్చింది!"

"మార్చాను! నా చేతులతో నేనే మార్చాను!"

అయిపోయింది. ఒప్పందం, బృందం, అన్నీ గంగలో కలిశాయి అనుకుంటూ తల పట్టుకున్నాడు. కాసేపటికి నేల అదురుతున్నట్టనిపించి తలెత్తాడు. ముందు వరుసలో ఉన్న ఆడపిల్లలు కాళ్లు కొడుతున్నారు. తర్వాత వెనక వరుస. తర్వాత కెమెరావాడు కూడా. దబ్, దబ్... దబ్.

శుక్రవారం పొద్దున్నే కంపెనీ నుంచి ఫోన్. "దుకాణాల్లో జనం పాత రికార్డు తిరిగి ఇచ్చేస్తున్నారయ్యా! బూట్ల పాట కావాలంటున్నారు. ఆ టేపు అచ్చు వేస్తున్నాం, సంఘం అనుమతి పట్టుకురా!" ఆ పాట తర్వాత నాలుగు వారాలు మొదటి స్థానం వదల్లేదు. యాభై ఏళ్లుగా ఫుట్‌బాల్ మైదానాల్లో, పెళ్లి విందుల్లో జనం ఆ దరువు వేస్తూనే ఉన్నారు.

అదంతా తర్వాతి మాట. ఆ శుక్రవారం మాత్రం డెస్మండ్ కాగితాలు పట్టుకుని, బిక్కుబిక్కుమంటూ ప్లమ్లీ బల్ల ముందు నిలబడ్డాడు.

"బుధవారం మీ ముందు తీసిన టేపే రికార్డుగా వేస్తామండీ. నిన్న టీవీలో వచ్చింది అదే. మీ సంతకం కావాలి."

కలం ఎత్తిన ప్లమ్లీ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నిన్న వచ్చింది ఆ టేపా? అదెలా కుదురుతుంది?"

దొరికిపోయాను అనుకున్నాడు డెస్మండ్.

ప్లమ్లీ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "డాక్టరు మందు మానెయ్యమన్న దగ్గర్నుంచీ పబ్బుకు పోలేక, మీరటు తిరగ్గానే పెట్టెలు నేనే మార్చేస్తున్నాను కదయ్యా!"