ఆ ఒక్క హమ్మింగ్

“నా పేరు చెబుతానంటేనే పాడతాను. లేదంటే ఇటునుంచి ఇటే ఇంటికి వెళ్ళిపోతాను,” అంది కోరస్ గాయని, మేకప్ గది తలుపుకు వీపు ఆనించి.

పెద్ద గాయని వెనక్కి తిరగలేదు. అద్దంలోంచే చూసింది. “కాసేపట్లో తెర లేస్తుంది. ఇప్పుడా ఈ పేచీ?”

“ఇప్పుడు కాకపోతే ఎప్పుడక్కా? తెర పడ్డాకా? అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇన్నేళ్ళూ అడక్కుండా చూశాను. నిజంగానే పెట్టలేదు.”

“ఇంతకీ ఏమని చెప్పమంటావు?”

“ఉన్నదే చెప్పండి. ఆ పాట మొదట్లో వచ్చే హమ్మింగ్ మీరు పాడలేదని. ఆ రోజు మీకు గొంతు పట్టేసి పై స్వరం అందకపోతే, నేను పాడిన ట్రాకులో ముక్కని అలాగే ఉంచేశారని. ఇప్పటికీ వేదిక మీద మీరు పెదాలాడిస్తుంటే వెనకనుంచి పాడేది నేనేనని.”

ట్రాక్ అంటే, పేరున్నవాళ్ళు తీరిక చేసుకుని వచ్చేదాకా పేరు లేనివాళ్ళు పాడి ఉంచే పాట. వాళ్ళు రాగానే వీళ్ళ గొంతు చెరిపేస్తారు. బస్సు సీటు మీద వేసిన తువ్వాలు లాంటిదన్నమాట. ఆ ఒక్కసారి మాత్రం తువ్వాలే చివరిదాకా ప్రయాణం చేసింది.

“మీ అమ్మాయి వచ్చిందా?” అంది పెద్ద గాయని, మాట మారుస్తున్నట్టు.

“మూడో వరసలో కూర్చుంది. అది నా గొంతేనే అంటే, ‘పగటికలలు కనకు అమ్మా’ అంటుంది. లోకానికి తెలియకపోతే పీడాపోయె. దానికైనా తెలియాలి కదక్కా.”

పెద్ద గాయని లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “పిచ్చిదానా! ఇవాళ నాకు నచ్చిన పాటల గురించి మనసు విప్పి మాట్లాడటానికే కదా ఈ కార్యక్రమం. ఆ పాట దగ్గరికొచ్చాక నిజం చెబుతాను. నీ మీదొట్టు. వెళ్ళి నీ మైకు దగ్గర నిలబడు.”

నమ్మింది. నమ్మక చేసేదేముంది? వేదిక మీద చివరి వరసలో, దీపాల వెలుగు అందని చోట, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నిలబడింది.

తెర లేచింది. పెద్ద గాయని మాటలు తేనె పోసినట్టున్నాయి. “చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నది ఒక్కటే క్యాసెట్టు. టేపు బయటికొచ్చేస్తే పెన్సిలు దూర్చి తిప్పి మళ్ళీ వినేదాన్ని. ఒకచోట తెగిపోతే అతికించాం. ఆ అతుకు దగ్గర పాటలో ఒక మాట ఎగిరిపోయింది. ఇప్పటికీ నేనా పాటని ఆ మాట లేకుండానే పాడుకుంటాను.”

హాలు హాలంతా చప్పట్లు.

కోరస్ గాయని చివాలున తలెత్తింది. ఆ క్యాసెట్టు తనది. ఆ అతుకూ తనదే. ఎప్పుడో రికార్డింగు మధ్యలో టీ తాగుతూ తను ఆవిడకి చెప్పుకున్న ముచ్చట. వాళ్ళింట్లోనా, పాటల పెట్టె తుడవడానికే ఓ మనిషి ఉండేది! సొమ్మొకడిది, సోకొకడిది. పోనీలే, కథ తీసుకుంటే తీసుకుంది, పేరిస్తే చాలనుకుంది.

తర్వాత వేణువు ఆల్బమ్ ఒకటి. తల్లి పోయిన ఏడాది రోజూ అదే విన్నానని చెబుతూ పెద్ద గాయని గొంతు వణికింది. అది మాత్రం నిజమే. కోరస్ గాయనికీ కళ్ళు చెమ్మగిల్లాయి.

“ఇక చివరి పాట. నేను పాడినవాటిలో నా ప్రాణం,” అంది పెద్ద గాయని. ఈలలు మొదలయ్యాయి. చెయ్యెత్తి ఆపింది. “పాడేముందు మీకో నిజం చెప్పాలి. ఇన్నేళ్ళూ దాచాను. ఈ పాట మొదట్లో హమ్మింగ్ ఉంది చూశారూ... అది పాడింది నేను కాదు.”

కోరస్ గాయని గబగబా కొంగు సర్దుకుని, వెలుతురు పడేలా ఓ అడుగు ముందుకు వేసింది. మూడో వరసలో కూతురు మెడ సాచి చూస్తోంది.

“ఆ రోజు నాకు గొంతు పట్టేసింది. పై స్వరం అందదు. కళ్ళు మూసుకుని మైకు ముందు నిలబడ్డాను. తర్వాత ఏం జరిగిందో నాకే తెలియదు. ఇప్పుడు విన్నా అది నా గొంతులా ఉండదు.” పెద్ద గాయని రెండు చేతులూ జోడించి పైకెత్తింది. “ఆ ముక్క పాడింది ఆ దేవుడు!”

జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

కోరస్ గాయని వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. ఒట్టు మాత్రం తప్పలేదు మహాతల్లి! నిజమే చెప్పింది, మనిషినే మార్చేసింది.

వయొలిన్లు మొదలయ్యాయి. పెద్ద గాయని పెదాలు ఆడించడానికి మైకు దగ్గరికి తెచ్చుకుంది. వెనక కోరస్ గాయని పళ్ళు బిగించి మూగనోము పట్టింది. పాడమను, ఆ దేవుణ్ణే వచ్చి పాడమను! ఆవిడ పెదాలు ఊరికే కదలడం అందరూ చూడాలి. నా కూతురు చూడాలి.

వాద్యబృందాన్ని నడిపే పెద్దాయన ఆమెకేసి చెయ్యి ఊపాడు. ఆమె కదల్లేదు.

హమ్మింగ్ లేచింది. ఎక్కడా జీర లేకుండా, పై స్వరాన్ని అలవోకగా అందుకుంటూ హాలంతా నిండిపోయింది. ఆమె ఉలిక్కిపడి నోరు తడుముకుంది. పెదాలు మూసే ఉన్నాయి. ఆ గొంతు మాత్రం తనదే, వయసులో ఉన్నప్పటిది. మూడో వరసలో కూతురు కళ్ళు మూసుకుని తల ఊపుతోంది.

అంతలో ఇయర్‌ఫోన్‌లో, సౌండ్ చూసుకునే ఆయన గొంతు ఎంతో ఆప్యాయంగా వినిపించింది.

“కంగారుపడకండమ్మా, మీకు గొంతు పట్టేసినట్టుంది. పాత రికార్డు వేసేశాను. ఇక మీరు లేకపోయినా ఫరవాలేదు.”