దాచిన ఉత్తరం

కోడలు మాట వినదు. బసవయ్య ఆ సంగతి ఎప్పుడో తేల్చుకున్నాడు.

"మళ్ళీ కాలవ దాటావా?"

సుబ్బరత్నం చేతిలో పలక ఉంది. మొదట్లో దాన్ని కొంగు చాటున దాచేది. ఇప్పుడు ఆ పాటి భయం కూడా లేదు.

"తెరేసమ్మగారింటికెళ్ళానండీ. వంట చేసే వెళ్ళాను."

"వంట సంగతి ఎవరడిగారు? యుద్ధం జరుగుతోందా, లేదా? దీపాలు తగ్గించమని పంచాయతీ రేడియో రోజూ మొత్తుకుంటోంది. సముద్రం మనకి ఆరు మైళ్ళు."

"పాకిస్తానువాళ్ళు నా పలక కోసం వస్తారాండీ?"

ఇదీ వరస. మే నెలలో కాపురానికి వచ్చినప్పుడు ఈ పిల్లకు నోరే లేదు. పటమటలో అమ్మమ్మ పెంపకం. బడికి పంపలేదు, వీధి గుమ్మంలో నిలబడనివ్వలేదు. చదువుకున్న సంబంధాలు రెండు వస్తే కాదని, బసవయ్య ఈమెను ఏరి తెచ్చుకున్నాడు. పెళ్ళయిన ఇరవై రోజులకు కొడుకు కృష్ణారావు సెలవు అయిపోయి మిలిటరీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో మామా కోడలూ మిగిలారు. లంక చుట్టూ నీళ్ళు. బెజవాడ వెళ్ళాలంటే పడవ దాటి, రెండు మైళ్ళు నడిచి, బస్సు పట్టుకోవాలి. ఇక్కడ ఆడపిల్ల చెడిపోవడానికి ఏముందిలే అనుకున్నాడు. కాలవ అవతల మిషను బడి ఉందనీ, అందులో తెరేసమ్మ అనే పంతులమ్మ ఉందనీ తట్టలేదు.

అసలు గొడవంతా ఉత్తరాలతో వచ్చింది. మాణిక్యమ్మ బతికుండగా ఈ బాధ లేదు. కొడుకు ఉత్తరం వస్తే ఆలుమగలిద్దరూ లోపలి గదిలో కూర్చుని చూసుకునేవారు. నిరుడు ఆమె పోయింది. ఇప్పుడీ పిల్ల పీట వేసుకుని ఎదురుగా కూర్చుంటోంది.

బసవయ్య కళ్ళజోడు పెట్టుకుని, ఉత్తరం విప్పి, గొంతు సవరించుకునేవాడు.

"'నేను క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. రత్నం నాన్న మాట వినాలి. బయట తిరగకూడదు.' అంతే."

"మూడు కాగితాలకీ అంతేనా అండీ?"

"పెద్దక్షరాలు."

"ఇంకొక్కసారి."

రెండోసారి పాడిగేదెను జాగ్రత్తగా చూసుకోమని కూడా ఉండేది.

"ఇందాక గేదె లేదండీ."

"ఉంది. నువ్వు వినలేదు."

ఆ మర్నాడే ఆమె మొదటిసారి కాలవ దాటింది.

"ఇవాళ నువ్వు ఊరేగుతుంటే ఉత్తరం వచ్చింది," అన్నాడు బసవయ్య విసుగ్గా. "క్షేమంగానే ఉన్నాడు. అక్కడ చలి ఎక్కువట. కోడలు కాలవ దాటకూడదని మరీ మరీ రాశాడు."

"యుద్ధం సంగతేమీ రాయలేదా?"

"చెప్పానుగా, చలి."

ఉత్తరం పెట్టెలో పడేసి మూత వేశాడు. ఆమె ఆ పెట్టె వైపు చూసింది గాని, అడగలేదు.

పది రోజులు గడిచాయి. యుద్ధం ఆగిపోయిందని రేడియో చెప్పి వారమైంది. పోస్టుమాన్ పోలరాజు పడవ దిగి, "మిలిటరీ ఉత్తరమండోయ్!" అని కేక వేశాడు. బసవయ్య కండువా వెతుక్కునేలోపు సుబ్బరత్నం గుమ్మం దిగి అందుకుంది.

"ఇటివ్వు."

"ఉండండి."

మామగారిని ఉండమనడం ఆమెకు అదే మొదలు. కాగితం విప్పి, గీత కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంది.

"నాన్నా... ఇది రెండో ఉత్తరం. కాలికి తూటా తగిలి... కలకత్తా... మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నానని రాశాను. అందలేదా? రత్నాన్ని తీసుకుని... వెంటనే రమ్మన్నాను. అమ్మ పోయాక... ఇంటి నుంచి ఒక్క జవాబూ లేదు. రోజూ... తలుపు వైపు చూస్తున్నాను."

బసవయ్య అరుగు మీద కూలబడ్డాడు. "ప్రాణానికి?"

"భయం లేదట."

ఆమె లోపలికి వెళ్ళింది. పెట్టె మూత చప్పుడైంది. పాత ఉత్తరం తెచ్చి ఆయన ముందే మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసింది.

"ఇందులో చలీ లేదు, కాలవా లేదు. ఆసుపత్రి ఉంది. 'త్వరగా రండి' అని ఉంది." రెండు ఉత్తరాలూ ఆయన ముందు పెట్టింది. "పది రోజులండీ! నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి కన్నకొడుకు దెబ్బ దాచారా?"

పోలరాజు సంచి సర్దుకోవడం ఆపాడు. "నిజవేనా బసవయ్యగారూ? తెలిసే దాచారా?"

లంకలో బసవయ్య మాటకు ఎదురు లేదు. పంచాయతీ కాగితాల మీద మొదటి సంతకం ఆయనదే. ఆయన పోలరాజును చూశాడు, కోడల్ని చూశాడు.

"దాచాను," అన్నాడు. "నా ఇల్లు. నా ఇష్టం."

"మీకు మనసనేది లేదండీ," అంది సుబ్బరత్నం.

రెండు చీరలు సంచిలో పెట్టుకుంది.

"ఆగు, నేనూ వస్తాను."

"మీరు రావొద్దు."

"ఒక్కదానివే? గడప దాటి ఎరగనిదానివి. బెజవాడ స్టేషన్లో ఏ రైలు ఎటు పోతుందో నీకేం తెలుసు?"

"బోర్డు మీద రాసుంటుంది కదండీ. చదువుకుంటాను."

పోలరాజు పడవలోనే రేవు దాటింది. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రానికి లంకంతా పాకింది. కొడుకు ఆపద దాచిన తండ్రి అన్నారు. రచ్చ దగ్గర ఆయన వస్తే మాటలు ఆపేవారు. ఉగాది వెళ్ళాక కృష్ణారావు కర్ర ఊతంతో పటమట చేరాడనీ, లంక గుమ్మం తొక్కనన్నాడనీ తెలిసింది.

తెరేసమ్మ కాలవ దాటి వచ్చింది. "ఏదో కారణం ఉండే ఉంటుంది, బసవయ్యగారూ. చెప్పండి, అబ్బాయికి నేను రాస్తాను. కోపం పోతుంది."

"దాచాను. కారణం లేదు. ఆ మాట ఇక నా గుమ్మంలో ఎత్తొద్దు."

బతికున్నన్నాళ్ళూ ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు.

బసవయ్యకు చదవడం రాదని ఒక్క మాణిక్యమ్మకే తెలుసు.