డబ్బా జాగ్రత్త

మధ్యాహ్నం భోజనాల వేళకు ల్యాబ్ ఖాళీ అయింది. గుమాస్తా మాత్రం భోజనానికి వెళ్లకుండా ఉండిపోయాడు.

ప్రొఫెసరమ్మ టేబుల్ మీద ఆ బూడిదరంగు డబ్బా ఉంది. విమానాల నుంచి సైకిళ్ల దాకా అన్నిటికీ పనికొచ్చే, ఇంతవరకూ ఎవరూ చేయనంత తేలికైన లోహం అందులో ఉందని యూనివర్సిటీ అంతా ఒకటే గుసగుసలు. ఆవిడ బయటికి వెళ్లినప్పుడల్లా "డబ్బా జాగ్రత్త నాయనా" అని ఏరికోరి ఇతనికే అప్పజెప్పి వెళ్లేవారు.

అతని అక్క మొగుడు సైకిళ్ల కంపెనీలో మేనేజరు. ఆ లోహం తెచ్చిస్తే తన కింద ఉద్యోగం, ఏసీ గది, తలుపు మీద పేరు, గిర్రున తిరిగే కుర్చీ ఇప్పిస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ గుమాస్తా నిద్రలో కూడా గిర్రున తిరుగుతూనే ఉన్నాడు.

గబుక్కున మూత తీశాడు. లోపల సబ్బుబిళ్లంత నల్లటి ముక్క, నిగనిగలాడుతూ. అరచేతిలోకి తీసుకున్నాడు.

"అబ్బబ్బ! దూదిపింజే!" అని పరవశించిపోయాడు.

ముక్కను ప్యాంటు జేబులో వేసుకుని, ఎవరికీ అనుమానం రాకుండా డబ్బాకు మూత పెట్టి మళ్లీ ఉన్నచోటే ఉంచాడు. ఫ్యాన్ గాలికి అది జరుగుతున్నట్టు అనిపిస్తే ఫ్యాన్ కట్టేశాడు. తన ముందుచూపుకు తనే మురిసిపోయాడు.

గేటు దగ్గరికి వచ్చేసరికి ప్యాంటు ఓ పక్కకు జారిపోతోంది. పాత బెల్టును తిట్టుకుంటూ, ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో వాచ్‌మన్‌కు సలాం కొట్టి బయటపడ్డాడు.

సందు చివర కారులో బావ కాచుకుని ఉన్నాడు. ముక్క చేతిలో పడగానే ఆయన చెయ్యి కాస్త కిందికి దిగింది గానీ, మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఒరేయ్, అసలు ఏమీ పట్టుకున్నట్టే లేదురా!"

"నేను చెప్పలేదా బావా! గట్టిగా పట్టుకో, గాలికి ఎగిరిపోగలదు."

"నీకింకా ఆ గుమాస్తా ఉద్యోగం దేనికిరా? వెళ్లి, మానేస్తున్నానని మొహం మీదే చెప్పేసి రా. ఈ సాయంత్రానికి కుర్చీ నీది!"

గుమాస్తా ఈలేసుకుంటూ వెనక్కి వచ్చాడు. ల్యాబ్‌లో ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది. ప్రొఫెసరమ్మ బీరువా కిందికి తల దూర్చి ఏదో వెతుకుతున్నారు.

"మేడమ్, నేను ఉద్యోగం మానేస్తున్నాను. ఇప్పుడే, ఈ క్షణమే!"

"అయ్యో, అలాగా? సరే, నీ ఇష్టం నాయనా" అన్నారావిడ, తల బయటికి తీయకుండానే.

అంత సులువుగా వదిలేస్తారని అతననుకోలేదు. ఉత్సాహం పట్టలేక అడిగాడు.

"ఇంతకీ ఏం పోయింది మేడమ్?"

"వెళ్తూ వెళ్తూ ఆ ఫ్యాన్ కట్టెయ్యి బాబూ! ఎగిరిపోకుండా లోపల బరువు కోసం వేసిన ఇనప ముక్కను ఎవరో మహానుభావుడు తీసేసినట్టున్నాడు, మన కొత్త లోహంతో చేసిన డబ్బా కాస్తా ఎటో కొట్టుకుపోయింది!"