సెకండ్ హ్యాండ్ డిస్కులు

"ఒరే దేవుళ్లూ, ముందు చక్రాలకి రెండు బ్రేకు డిస్కులు కావాలి. కొత్తయి కాదు. సెకండ్ హ్యాండ్‌వి. గానీ దళసరిగా ఉండాలి."

షెడ్డు గుమ్మంలోనే నిలబడి చెప్పాడు మత్స్యలింగం. చెప్పి, కిళ్లీ ఉమ్మంతా గచ్చు మీద ఊసాడు. పొద్దున్నే కడిగిన గచ్చు.

మెకానిక్ దేవుళ్లు చేతిలో స్పానరు బల్ల మీద పెట్టేశాడు.

రెండేళ్లుగా మొత్తుకున్నాడు. "లింగంగారూ, ఇది చింతపల్లి ఘాటీ ఎక్కి దిగే బండి. డిస్కులు అరిగిపోయాయి, మార్చెయ్యండి" అని. ఎప్పుడు చెప్పినా అటు నుంచి ఒకటే జవాబు. "లేత్ పట్టించెయ్‌రా. నున్నగా వచ్చేత్తాది."

లేత్ మిషను మీద చెక్కిస్తే నున్నగానే వస్తుంది. గీతలు పోతాయి. గీతలతో పాటు ఇనుమూ పోతుంది. ఇంత మందం కంటే తగ్గితే పారెయ్యమని డిస్కు అంచు మీదే అంకె అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడవి అప్పడాలు.

మత్స్యలింగానికి అలాంటి అంకెలు కనపడవు. చేపల లారీతో మొదలుపెట్టి, జనాన్ని ఎక్కించుకు తిరిగే సర్వీసు కార్ల ఓనరైన మనిషి. నర్సీపట్నంలో అందరికంటే ముందు సెల్‌ఫోను చెవిన పెట్టుకు తిరిగినవాడు. డిస్కులు మార్చమంటే బంపరుకి నిమ్మకాయలు మార్చేవాడు. బలిఘట్టం గుడికి తీసుకుపోయి బండికి పూజ చేయించేవాడు. దేవుడు వచ్చి బ్రేకు తొక్కుతాడనుకున్నాడో ఏమో.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చిందేటండీ?" అన్నాడు దేవుళ్లు.

"ఎల్లుండి బ్రేకినస్పెక్టరు బండి సూత్తాడు. బ్రేకుల్లో ఏ లోపం లేదని రాత్తే సాలు."

"అయితే కొత్తవే ఎయ్యొచ్చు గదా. ఇప్పుడు కూడా సెకండ్ హ్యాండేనా? సిగ్గుండాలి బాబూ!"

మత్స్యలింగం ఎర్రటి పళ్లు బయటపెట్టి నవ్వాడు.

"తళతళా మెరిసిపోతుంటే ఆయనకి లేనిపోని అనుమానాలొత్తాయిరా ఎర్రోడా. దళసరీ ఉండాలి, తుప్పూ ఉండాలి."

ఎంత తెలివి! ఆ తెలివిలో పిసరంత రెండేళ్ల కిందట వాడి ఉంటే సరిపోయేది.

"డ్రైవర్ సింగన్న నా కాడికొచ్చి మరీ సెప్పాడండీ. దిగుడులో పెడలు తొక్కితే స్టీరింగు సేతుల్లో వణికిపోతందని. మీకూ సెప్పాడంట గదా."

"ఆడేటి సెప్పేది? అసలు తోలడం వచ్చేటి ఆడికి? దిగుడంతా బ్రేకు మీద కాలేసుకుని కూకునేవోడు. అరగవా మరి? ఊళ్లో అందరికీ అదే సెప్తన్నాను. తప్పు బండిది కాదు, డ్రైవర్ది."

"ఇరవయ్యేళ్లు ఘాటీలో తోలాడండీ. ఒక కోడిపిల్లని కూడా గుద్దలేదు."

మత్స్యలింగం నవ్వు ఆపాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆఖరిసారి ఆటిని లేత్ పట్టించిందెవుడ్రా? ఇంక దీంట్లో కండ లేదు పొమ్మని ఇక్కడి లేత్ మిషనోడు తోసేత్తే, అనకాపల్లి అట్టుకెళ్లి మరీ పట్టించింది నువ్వు కాదేటి? ఆ పాతయి ఇనస్పెక్టరు కంట్లో పడితే ముందు నీ షెడ్డు పేరే అడుగుతారు."

దేవుళ్లు పాతగుడ్డతో వేళ్ల గ్రీజు తుడుచుకున్నాడు.

"బండి ఇక్కడికి రాదు. సామాను అట్టుకుని నువ్వే రా. బేగి."

ఇంకోసారి ఊసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం గున్నమ్మ వచ్చింది. సింగన్న భార్య. కొంగు తల మీదకి లాక్కుని, షెడ్డు లోపలికి రాకుండా బయటే నిలబడింది. గోనె మీద ఉన్న రెండు డిస్కుల మీద ఆమె చూపు పడింది. ఏ తుక్కు బండి నుంచి విప్పినవో. తుప్పు పట్టినవి, దళసరివి.

"అన్నయ్యా, ఆటిని ఎయ్యకు."

"ఏటమ్మా నువ్వనేది?"

"లింగంబాబు నీ కాడికెందుకొచ్చాడో నాకు తెల్సు. బండికున్నయి అలాగే ఉండనీ. ఆ పాతయి ఉంటేనే గదా మా ఇంటాయన సెప్పింది నిజమని తేలేది? ఆయనకి తోలడం రాదని ఊరంతా సెప్పుకు తిరుగుతన్నాడా బాబు. ఈదిలో ఆడోళ్లు నా మొకానే అనేత్తన్నారు. మాకు మిగిలింది ఆ పేరొక్కటే అన్నయ్యా. అది కూడా తీసేత్తారా?"

"నువ్వు ఇంటికెళ్లమ్మా. నేను సూసుకుంటాను గదా."

ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు దేవుళ్లుకి రోత పుట్టింది.

గున్నమ్మ నమ్మింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అది చూడలేక అతను స్పానర్ల కోసం వెదుకుతున్నట్టు బల్ల కిందకి వంగాడు. ఆమె అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా లేవలేదు.

లేచాక డిస్కులు, జాకీ, స్పానర్లు గోనెసంచిలో వేసి మూతి కట్టాడు. షెడ్డుకి తాళం వేశాడు. ఎవరూ పలకరించకుండా సందుల్లోంచి నడిచాడు. ఒకడు ఎదురై, "ఏటి దేవుళ్లూ, మూట?" అంటే, "తుక్కు" అన్నాడు. అబద్ధం కాదు. మోస్తున్నవాడు కూడా అదే.

పొద్దు వాలుతుండగా, కానిస్టేబులు టీకని రోడ్డు మీదకి పోగానే, పోలీస్‌స్టేషన్ వెనక దొడ్లో నుజ్జయి పడున్న బండి కిందకి పాక్కుంటూ పోయి, పోయిన వారం ఘాటీ లోయలో సింగన్నతో సహా ఏడుగురి ప్రాణాలు తీసిన ఆ పాత డిస్కుల్ని విప్పడం మొదలుపెట్టాడు దేవుళ్లు.