బండి ఆగితే పారని మంత్రం

“బండి ఆపద్దప్పా! ఆగితే మంత్రం పారదు,” అన్నాడు లింగప్ప.

ప్రవీణ్ ఆటోను ఇంకా వేగంగా తోలాడు. వెనక సీట్లో అతని తల్లి పార్వతమ్మ పడుకుని ఉంది. మల్బరీ తోటలో ఆకు కోస్తుంటే పాము కాటేసింది. లింగప్ప ఆమె కాలు కదలకుండా పట్టుకుని, పెదవులు ఆడిస్తూనే ఉన్నాడు.

గుడుపల్లె చుట్టుపక్కల ఎవరిని పాము కరిచినా ముందు లింగప్ప ఇంటికే పరుగెత్తుతారు. ఆసుపత్రికి పోదామని ప్రవీణ్ ఎంత మొత్తుకున్నా పార్వతమ్మ వినలేదు. “సూదికి ఇసం దిగతాదా? నన్ను లింగప్ప మామ కాడికి తీసకపో,” అంది.

లింగప్పది ఒకటే పద్ధతి. “మంత్రం ఇసాన్ని కడతాది. దించేది సూది. రెండూ ఉండాల,” అంటాడు. అందుకే ఇంట్లో చదవడు. కుప్పం ఆసుపత్రికి పోయే బండిలో కూర్చుంటేనే మొదలుపెడతాడు.

ఆసుపత్రిలో డాక్టర్ శాలిని అతన్ని చూడగానే మండిపడింది.

“మళ్ళీ వచ్చావా? రుజువు లేని వైద్యానికి నా వార్డులో చోటు లేదు. బయటికి పో!”

“సరేమ్మా. నువ్వు సూది వెయ్యి. నేను గేటు కాడ ఉంటా.”

“ఇలాంటి మంత్రాలు నమ్మే జనం చస్తున్నారు, తెలుసా?”

“నిజమేమ్మా,” అన్నాడు లింగప్ప.

తనను వెక్కిరిస్తున్నాడనుకుంది శాలిని. ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. అయినా చేతులు మాత్రం ఆగలేదు. ఇంజెక్షన్ సిద్ధం చేసింది.

నాలుగో రోజుకు పార్వతమ్మ లేచి కూర్చుని కాఫీ అడిగింది. ఇంటికి బయలుదేరుతూ, “ఎంతైనా మా లింగప్ప మామ మంత్రం గట్టిదమ్మా,” అని డాక్టరుతోనే అంది. శాలిని తల పట్టుకుంది.

తల్లిని ఇంట్లో దించి, ప్రవీణ్ నేరుగా లింగప్ప దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన ఆవు పాలు పితుకుతున్నాడు.

“తాతా, నీకు డెబ్బై దాటినాయి. నీ తర్వాత మాకు దిక్కెవురు? ఆ మంత్రమేదో నాకు నేర్పీ. ఆటో ఎట్లాగూ నాదే ఉండాది.”

లింగప్ప చెంబు కింద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. ప్రవీణ్‌ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పాడు:

“మంత్రం వచ్చిన మా నాయన పాము కరిసిన మా సెల్లెల్ని ఇంట్లోనే పెట్టుకొని పోగొట్టుకున్నాడు, బండిలో నేను సదివేది పదమూడో ఎక్కమప్పా.”