మానేసిన ఒకే ఒక్కడు

కుర్చీల బాబాయి ఊదగానే, సిగరెట్ తాగారో లేదో పట్టిచ్చే మీటరులో ఎర్ర లైటు వెలిగింది.

కౌన్సెలర్ మళ్లీ ఊదమంది. మళ్లీ ఎరుపే. అసలు మీటరు దాకా ఎందుకు, ఆయన గదిలోకి రాగానే సిగరెట్ వాసన గుప్పుమంది.

మానసిక వైద్యశాలలో మందులకొచ్చేవాళ్లచేత సిగరెట్ మాన్పించడం ఆమె ఉద్యోగం. వారానికో క్లాసు. వాళ్లకున్న సుఖం అదొక్కటే, అదీ లాక్కుంటావా అని డాక్టర్లే ఆమెను ఆటపట్టించేవారు. క్లాసులో బుద్ధిగా తలూపిన పెయింటరు గేటు దాటకముందే వెలిగించేవాడు. లారీ డ్రైవరైతే మానడానికిచ్చిన చూయింగ్ గమ్ నములుతూనే కాల్చేవాడు. ఒక్కరైనా మానకపోతే ఈ గదిని మందుల గోడౌన్ చేసేస్తానని సూపరింటెండెంట్ ఎప్పుడో తేల్చి చెప్పాడు.

ఆ ఒక్కరే బాబాయి.

అందరికంటే ముందొచ్చి కుర్చీలు గుండ్రంగా వేసేవాడు. అందుకే ఆ పేరు. చేరే ముందురోజే మానేశానన్నాడు. మాట మీద నిలబడ్డాడు. ఏనాడూ మీటరు ఎర్రబడలేదు. నాలుక పీకేస్తోందని మిగతావాళ్లు గోల పెడుతుంటే, నాకూ అంతే అని తలూపేవాడు. ఈ వారం ఎలా గడిచిందని ఆమె వరసగా అడిగినప్పుడు మాత్రం ఆయన వంతు ఓ పట్టాన తెమిలేది కాదు. కారే కుళాయి గురించి, కిటికీలో గూడు పెట్టిన పిచ్చుక గురించి చెబుతూనే ఉండేవాడు. ఆమె ఓపిగ్గా వినేది. మందుల కౌంటర్లో ఆయన్ని అలా అడిగే నాథుడు లేడు.

పోయిన నెల ఆయన్ని నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

“గెలిచేశారు బాబాయ్ గారూ. ఇక మీరు రానక్కర్లేదు. మీ కుర్చీ ఇంకొకరికిద్దాం” అంది సంబరంగా.

ఆయన నవ్వలేదు. సిగ్గు కాబోలనుకుంది.

ఇప్పుడు చూస్తే ఇదీ వరస. బాబాయి కళ్లనీళ్లు తిరిగేలా దగ్గుతున్నాడు. ఎందుకిలా చేశారని అడిగినా చూపంతా గుండ్రంగా వేసిన కుర్చీల మీదే ఉంది.

“ఇక క్లాసుకి రావచ్చు కదా మేడమ్?” అన్నాడు చివరికి.

గుమ్మంలో నిలబడ్డ సూపరింటెండెంట్ ఎర్ర లైటు చూశాడు. గది తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చేసింది. చూపించడానికి మానేసినవాడు ఒక్కడూ మిగల్లేదు.

వరండాలో బాబాయి అక్క ఎదురుచూస్తోంది. తమ్ముణ్ని తీసుకెళ్లడానికి ఆవిడ రావడం ఇదే మొదటిసారి. కౌన్సెలర్ తల ఎత్తలేకపోయింది.

“క్షమించండి. ఇన్నాళ్లూ ఆపగలిగాను. మళ్లీ పాత అలవాటులో పడిపోయారు” అంది.

“పాత అలవాటేంటి మేడమ్?” అంది అక్క అయోమయంగా. “వాడు సిగరెట్ ఎటువైపు వెలిగించాలో కూడా మొన్ననే మా ఆయన్నడిగి నేర్చుకున్నాడు.”